అమ్మ గోలీల సంచి: హన్మకొండలో ఒక ఫిజీషియన్‌ను వెతుక్కున్న నా అనుభవం

అమ్మ కాళ్ల వాపును నేను మొదట చూసింది సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు. నర్సంపేట దగ్గర మా ఊరు. గడప మీద కూర్చొని కాళ్లు చాపుకుంది. చెప్పుల పట్టీ పాదం మీద వాత పెట్టినట్టు దిగబడి ఉంది. ఎన్ని రోజులైందమ్మా అంటే, "పత్తి ఏరేటప్పటి సంది గిట్లనే ఉన్నయ్ బిడ్డా. మన డాక్టరు మూత్రం గోలీ ఇచ్చిండు, తగ్గుతయ్ తియ్యి" అంది. మన డాక్టరు అంటే ఊళ్లో ఆర్ఎంపీ. నాన్న ఉన్నప్పటి నుంచీ అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి వచ్చే మనిషి. తగ్గుతాయిలే అని నేనూ ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు ఇప్పటికీ మనసు పీకుతుంది.

మార్చిలో ఒకరోజు పొద్దున్నే మంచం మీంచి లేచి నాలుగడుగులు వేసి వాకిట్లో పడిపోయింది. కణత దగ్గర చిన్న గాయం, అంతకు మించి ఏమీ కాలేదు. ఆ వారమే హన్మకొండకు తెచ్చుకున్నాను. నేను ఇక్కడ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తాను. మా ఆయన డ్యూటీ కాజీపేటలో. ఇద్దరం పొద్దున పోతే సాయంత్రానికే ఇల్లు చేరేది. అందుకే త్వరగా తేలిపోవాలని సిటీలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాం.

రిసెప్షన్‌లో అమ్మాయి "ఏ డాక్టరుకు చూపిస్తారు మేడం?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. వాపుకు ఏ డాక్టరు? తల తిరగడానికి ఏ డాక్టరు? అమ్మకు ఎనిమిదేళ్లుగా బీపీ, షుగర్ ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నాయి, అరికాళ్లలో తిమ్మిర్లున్నాయి. ఇవన్నీ కలిపి ఎవరికి చెప్పాలి? "కాళ్ల వాపు" అన్నాను. గుండె డాక్టరుకు చీటీ రాసింది. ఈసీజీ, ఎకో తీశారు. గుండె బాగానే ఉందన్నారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం ఎక్కువ ఉందని కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన నీళ్లు తాగే కొలత చెప్పి నెల తర్వాత రమ్మన్నారు. తల తిరగడానికి నరాల డాక్టరు వేరే. పది రోజుల్లో మూడుసార్లు తిరిగాం, పదకొండు వేల చిల్లర అయింది. వాళ్లలో ఎవరూ తప్పుగా చూశారని నేను అనను. ఎవరి భాగం వాళ్లు చూశారు, ఎవరి గోలీలు వాళ్లు రాశారు. మూడోసారి ఆటోలో వస్తుంటే అమ్మ కిటికీలోంచి బయటకు చూస్తూ అన్నది: "నా ఒక్క పెయ్యికి గింతమంది డాక్టర్లా బిడ్డా?"

ఆ రాత్రి ఎదురింటి అక్క వచ్చింది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. చీటీలన్నీ చూసి "ముందు ఒక మంచి ఫిజీషియన్‌కు చూపెట్టకపోయినవా?" అంది. జనరల్ డాక్టరంటే జలుబు, జ్వరం చూసేవాళ్లు కదా అక్కా అన్నాను. నిజంగానే అప్పటిదాకా నా ఆలోచన అదే. 'జనరల్' అన్న మాట వింటే చిన్న డాక్టరు, 'స్పెషలిస్ట్' అంటే పెద్ద డాక్టరు అనుకునేదాన్ని.

అక్క మంచం మీద కూర్చొని పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆ పైన ఏడాది ఇంటర్న్‌షిప్. తర్వాత మూడేళ్లు పీజీ చేస్తే ఎండీ జనరల్ మెడిసిన్. డీఎన్‌బీ అని ఉన్నా అంతే. గుండె డాక్టరు, కిడ్నీ డాక్టరు, నరాల డాక్టరు కూడా మామూలుగా ఈ మెట్టు ఎక్కినాకే, ఇంకో మూడేళ్లు డీఎం చదివి ఒక భాగానికి పోతారు. "పెద్దోళ్లకు ఒకటికి నాలుగు రోగాలుంటయ్. నాలుగూ ఒక్క తలకాయల పెట్టుకొని చూసేటోళ్లు ఫిజీషియన్లే" అంది. పదేళ్లు వరంగల్‌లో ఉండి, ఇంటికి ఒక గ్యాస్ ఏజెన్సీని, పిల్లకు ఒక బడిని వెతుక్కున్నాను కానీ, ఇంట్లో వాళ్లకు ఒక ఫిజీషియన్‌ను చూసి పెట్టుకోవాలన్న ఆలోచనే రాలేదు.

ఎంజీఎంకే తీసుకురమ్మని అక్క మొదట అన్నది. కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది, దాని బోధనాసుపత్రి ఎంజీఎం. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, ఎటునుంచి చూసినా కష్టమొస్తే జనం వచ్చేది ఇక్కడికే. నేనొక్కదాన్నే ఒకరోజు పొద్దున పోయి మెడిసిన్ ఓపీ దగ్గర నిలబడి చూశాను. లోపల పీజీ డాక్టర్లు ఒక ముసలాయనను ఓపికగా అడుగుతున్నారు, పొట్ట నొక్కి చూస్తున్నారు. వైద్యం మీద నాకు నమ్మకం కలిగింది. కానీ ఆ వరుసలో అమ్మ నిలబడగలిగే స్థితిలో లేదు, లేచి నిలబడితేనే ఆమెకు కళ్లు తిరుగుతున్నాయి. "సరే, నిదానంగా చూపెట్టుకునే చోటు చూసుకో. రాత్రిపూట ఏదన్న అయితే మాత్రం ఆలోచించకుండ ఎంజీఎం క్యాజువాలిటీకి పట్కరా" అని అక్క గట్టిగా చెప్పింది.

ఇక వెతకడం మొదలుపెట్టాను. మొదట అందరిలాగే ఫోన్‌లో చూశాను. చాలా స్టార్లున్న ఒక క్లినిక్ దొరికింది. సాయంత్రం ఆరింటికి పోతే ఎనిమిదిన్నరకు పిలిచారు. బీపీ బయటే ఒక అబ్బాయి చూశాడు. లోపల రెండు నిమిషాలు. గోలీల సంచి పైకెత్తి చూపిస్తే డాక్టరు తల ఎత్తకుండానే "పాతవన్నీ ఆపేయండి, ఇవి వాడండి" అని ఐదు మందులు రాశాడు. ఏవి ఆపాలో, షుగర్ గోలీ కూడా ఆపాలా అని అడిగేలోపు తర్వాతి పేషెంటు తలుపు తోసుకొని వచ్చాడు. ఆ మందులు నేను కొనలేదు. ఇంటికొచ్చి అమ్మ పడుకున్నాక చాలాసేపు ఏడ్చాను. ఆ స్టార్లు ఇచ్చినవాళ్లకు వచ్చింది ఏ జ్వరమో ఏమో, వాళ్లకు నయమయ్యే ఉంటుంది. మా అమ్మ సంచి సంగతి వాళ్ల మాటల్లో ఎక్కడా లేదు.

తర్వాత అడగడం మార్చాను. మా సందు చివర మెడికల్ షాపు ఆయన ఇరవై ఏళ్లుగా ఊళ్లో డాక్టర్ల చీటీలు చదువుతున్నాడు. "మంచి డాక్టరు ఎవరన్నా?" అని అడిగితే నలుగురి పేర్లు గబగబా చెప్పాడు. "మీ అమ్మగారికి బాగాలేకపోతే ఎవరి దగ్గరికి తీసుకుపోతారు?" అని అడిగాను. అప్పుడు చేతిలో పని ఆపి, కాసేపు ఆగి, ఒక్క పేరు చెప్పాడు. రక్తం తీసుకోవడానికి ఇంటికొచ్చే ల్యాబ్ తమ్ముణ్ణి కూడా అడిగాను, పేషెంటును చూసి కావాల్సిన పరీక్షలే రాసేవాళ్లు ఎవరని. రెండు పేర్లు చెప్పాడు. వాటిలో ఒకటి మెడికల్ షాపు ఆయన చెప్పిందే. మా కాలేజీ అటెండర్ వాళ్ల నాయనను చూపించే డాక్టరుది మూడో పేరు.

జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ అని ఉంటుంది. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కొడితే ఎప్పుడు, ఏ యూనివర్సిటీలో ఏం చదివారో వస్తుంది. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలని నియమం కూడా ఉంది. అటెండర్ దగ్గర పాత చీటీ తీసుకొని అందులో నంబరు వెతికాను, దొరకలేదు. ఆ ఒక్కటీ పక్కన పెట్టాను. మిగిలిన ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకరి క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మోకాళ్లు పట్టేసిన మనిషి నెలనెలా అన్ని మెట్లు ఎక్కాలంటే రెండో నెలకే మానేస్తుంది. ఎంత గొప్ప డాక్టరైనా మాకు పనికిరారు. అలా మిగిలింది సుబేదారి వైపు ఒక గల్లీలో, కింది పోర్షన్‌లో ఉన్న డాక్టరు గారు. మెడికల్ షాపు ఆయన చెప్పిన పేరు. కాకతీయ మెడికల్ కాలేజీలోనే చదివిన ఆవిడ.

"ఆడ డాక్టరంటే కాన్పులకు కాదా బిడ్డా?" అంది అమ్మ. ఆ రోజు వెయిటింగ్ హాల్లో పర్కాల నుంచి వచ్చిన ఒకాయన కూడా ఇదే మాట అన్నాడు, వాళ్ల కోడలు తీసుకొస్తే వచ్చాడట. ఆడ డాక్టరు అనగానే పురుళ్ల డాక్టరనుకొని ఎంతమంది ఇలాంటి గడప దాకా వచ్చి ఆగిపోతున్నారో.

మధ్యాహ్నం మూడింటికి కాంపౌండర్ పేర్లు రాసుకుంటాడు. ఫోన్‌లో రాయరు, మనిషి పోవాల్సిందే. నేను రెండు పీరియడ్లు వేరే లెక్చరర్‌కు అప్పజెప్పి పోయి పదిహేడో నంబరు రాయించి వచ్చాను. ఫీజు 400, పది రోజుల్లో రిపోర్టులు చూపిస్తే మళ్లీ తీసుకోరు. మా నంబరు వచ్చేసరికి ఏడు దాటింది.

అమ్మ కూర్చోగానే డాక్టరు గారు అడిగిన మొదటి మాట: "అమ్మా, మందులన్నీ తెచ్చారా? చీటీలు కాదు, మందులే."

సంచిని టేబుల్ మీద బోర్లించమన్నారు. పేపరు పక్కకు జరిపి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక్కో స్ట్రిప్‌ను వెనక్కి తిప్పి కళ్లకు దగ్గరగా పెట్టుకొని సన్నక్షరాలు చదవడం మొదలుపెట్టారు. చదివినకొద్దీ కుప్పలు వేస్తున్నారు. పద్నాలుగు రకాలున్నాయి. అవి పద్నాలుగని నాకు ఆ రోజే తెలిసింది. ఒక గులాబీ రంగు స్ట్రిప్పును, ఒక ఆకుపచ్చ స్ట్రిప్పును తీసి నా ముందు పక్కపక్కన పెట్టారు. పేర్లు వేరు, కంపెనీలు వేరు. వెనక మాత్రం రెండింటి మీదా ఒకటే రాసి ఉంది: గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్. అంటే రెండూ ఒకే షుగర్ మందు. ఒకటి నర్సంపేటలో ఎప్పటి నుంచో వాడుతున్నది, ఇంకోటి ఏడాది కింద ఊళ్లో పెట్టిన క్యాంపులో ఇచ్చింది. అమ్మ రెండూ వేసుకుంటోంది, ఒకటి పొద్దున టిఫిన్‌కు ముందు, ఒకటి రాత్రి అన్నానికి ముందు.

డాక్టరు గారు నన్ను వదిలి అమ్మ వైపు తిరిగారు. "తెల్లారగట్ల చెమటలు పడతాయా అమ్మా? గుండె దడదడ, చేతులు వణకడం?"

అమ్మ నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "పడతయ్ మేడం. లేచి ఇంత బెల్లం ముక్క నోట్లె ఏసుకుంట. అప్పుడు నిమ్మళమైతది."

ఆ బెల్లం సంగతి నాకు తెలుసు. ఊళ్లో దిండు కింద బెల్లం పొట్లం చూసి, షుగర్ పెట్టుకొని ఇదేం పని అని అమ్మను అరిచాను. పక్కింటి వాళ్ల ముందే అరిచాను. షుగర్ పడిపోయి ఒళ్లు వణుకుతుంటే, ఎవరూ చెప్పకుండానే ఆ మనిషి తన ప్రాణం తాను కాపాడుకుంటోంది. నేనేమో నోరు కట్టుకోలేదని తిట్టాను. ఆ కుర్చీలో కూర్చోవడం నాకు కష్టమైంది. డాక్టరు గారు అది చూశారేమో, "మీకు తెలియదు కదమ్మా, ఇప్పుడు తెలిసింది" అని మళ్లీ స్ట్రిప్పుల్లో పడ్డారు.

తర్వాత లేచి వచ్చి చూశారు. కింది కనురెప్ప లాగి చూశారు. బొటనవేలితో కాలి ఎముక మీద నొక్కి పట్టి, వదిలారు. పడిన గుంట చాలాసేపు అలాగే ఉంది. కూర్చున్నప్పుడు బీపీ పై అంకె 142. నిలబెట్టి, నన్ను అమ్మ భుజం పట్టుకోమని, కాసేపు ఆగి మళ్లీ చూస్తే 112. "అందుకే పడిపోయింది" అన్నారు. ట్యూనింగ్ ఫోర్కును అరచేతి అంచుకు కొట్టి కాలి బొటనవేలి మీద పెట్టి, "జుమ్మంటోందా?" అని అడిగారు. అమ్మ "సల్లగున్నది" అంది, అంతే. మోచేయి మీద పెడితే మాత్రం ఉలిక్కిపడి నవ్వింది. ఇంతమంది డాక్టర్లను చూశాక, అమ్మ నవ్వడం అక్కడే చూశాను.

కుప్పల దగ్గరికి వచ్చి నాకు అర్థమయ్యేలా చెప్పారు. బీపీకి వాడుతున్న వాటిలో ఆమ్లోడిపిన్ ఉంది. అది మొదట 5, తర్వాత ఎవరో 10 చేశారు. దానితో కొందరికి కాళ్లు వాస్తాయి, డోసు పెరిగితే ఎక్కువ వాస్తాయి. మోకాళ్లకు వాడే డైక్లోఫెనాక్ ఒంట్లో నీరు నిలుపుతుంది, బీపీ పెంచుతుంది, కిడ్నీని ఇబ్బంది పెడుతుంది. బీపీ పెరిగిందని ఆమ్లోడిపిన్ పెంచారు, వాపు వచ్చిందని మూత్రం గోలీ ఇచ్చారు, మూత్రం గోలీతో ఒంట్లో ఉప్పు తగ్గి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, కళ్లు తిరుగుతున్నాయని దానికో గోలీ. "వీటిలో దేని వాటా ఎంతో ఇప్పుడే చెప్పలేను. కొన్ని ఆపి చూస్తే తెలుస్తుంది" అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. తెలియనిది తెలియదని చెప్పిన మనిషి తెలిసిందని చెప్పినప్పుడు నమ్మబుద్ధి అవుతుంది.

నాలుగు పరీక్షలు రాశారు. సోడియం, అదే ఒంట్లో ఉప్పు, 128 వచ్చింది, 135 పైన ఉండాలట. క్రియాటినిన్ 1.5. మూడు నెలల షుగర్ లెక్క, అదే హెచ్‌బీఏ1సీ, 6.1. బాగుంది కదా అనుకున్నాను నేను. ఈ వయసులో, ఇన్ని గోలీల మీద అంత తక్కువ మంచిది కాదు, 7 నుంచి 7.5 మధ్య ఉన్నా చాలు అన్నారు. బి12 విటమిన్ బాగా తక్కువ. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు అలా తగ్గుతుందని, తిమ్మిర్లలో దాని పాత్ర కూడా ఉండొచ్చని చెప్పారు. పద్నాలుగు రకాలు తొమ్మిదయ్యాయి. రెండో షుగర్ గోలీ, ఆమ్లోడిపిన్, నొప్పుల గోలీ, మూత్రం గోలీ, మూడు గ్యాస్ గోలీల్లో రెండు, తల తిరుగుడుది పోయాయి. బి12 చేరింది, షుగర్ గోలీ డోసు మారింది, బీపీకి వేరేది పెట్టారు. మూడు రోజులకు మళ్లీ సోడియం చూపించమన్నారు. కళ్ల నరాలు చూపించుకోమని కంటి డాక్టరుకు చీటీ రాశారు. అంటే స్పెషలిస్టు దగ్గరికి పంపరని కాదు, ఎందుకు పంపుతున్నారో ఆ చీటీ మీద రెండు లైన్లు రాసి పంపుతారు.

చీటీ మీద మందుల పేర్లు అన్నీ పెద్దక్షరాల్లో, కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరుతో ఉన్నాయి. జెనరిక్ పేర్లు, అంటే అసలు మందు పేర్లు, స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని డాక్టర్ల నియమావళిలోకి 2016లోనే వచ్చిందని తర్వాత తెలుసుకున్నాను. దానివల్ల జన్ ఔషధి దుకాణంలో నేనే పోయి కొనగలిగాను. నెలకు 2,300 అయ్యేవి ఇప్పుడు 700 లోపే అవుతున్నాయి.

అక్కడ ఇబ్బందులు లేవని కాదు. ఆదివారం ఉండరు. బెడ్లు లేవు, ఎక్కించే సెలైన్లు లేవు. రాత్రి ఏదైనా అయితే తనకు ఫోన్ చేసి టైం పోగొట్టుకోకుండా ఐసీయూ ఉన్న చోటికి పొమ్మని ఆవిడే చెప్పారు. పేర్లు రాయించడానికి మధ్యాహ్నం పోవడం ఉద్యోగం చేసేవాళ్లకు పెద్ద కష్టం, నేను ప్రతిసారీ ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. నొప్పుల గోలీ ఆపినందుకు అమ్మ రెండు వారాలు డాక్టరు మీద అలిగింది. కాపడం, కుర్చీలో కూర్చొని చేసే మోకాళ్ల ఎక్సర్‌సైజు, మరీ నొప్పి పుడితే ప్యారాసిటమాల్, అంతే ఇచ్చారు. మోకాళ్లు ఇప్పటికీ నొస్తాయి.

వాపు మాత్రం మొదటి వారంలో సగం, మూడో వారానికి పూర్తిగా దిగింది. సోడియం 136కు వచ్చింది. తెల్లవారుజామున చెమటలు ఆగిపోయాయి.

మే నెలలో ఊరికి దింపడానికి పోయినప్పుడు ఆర్ఎంపీని కలిశాను. ఎలా మాట్లాడాలో దారంతా ఆలోచించుకున్నాను, ఆయనను తప్పు పట్టినట్టు ఉండకూడదు. చీటీ చూపిస్తే జేబులోంచి కళ్లజోడు తీసి మొత్తం చదివాడు. "మూత్రం గోలీ నేనే ఇచ్చిన బిడ్డా. వాపుకు మందే కారణమైతదని నేను అనుకోలే" అన్నాడు. చీటీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఇప్పుడు అమ్మ ఏ నొప్పని పోయినా ముందు ఆ ఫొటో చూసి, సందేహమొస్తే నాకు ఫోన్ చేస్తున్నాడు. డాక్టరు గారికి చెప్తే, "ఊళ్లో అలా ఒకరు కనిపెట్టుకొని ఉండటం మంచిదే" అన్నారు.

పోయిన ఆదివారం అమ్మకు ఫోన్ చేస్తే ఎవరితోనో మాట్లాడుతూనే ఫోన్ ఎత్తింది. మా వాడకట్టులో ఒకామెకు షుగర్, కాళ్లు మంటలట, బుధవారం ఆమెను వెంటబెట్టుకొని హన్మకొండకు వస్తుందట. నన్ను పేరు రాయించి పెట్టమంది. నేను సరే అనేలోపే ఫోన్ పక్కకు పెట్టి ఆమెకు చెప్తోంది, నాకు ఇటు వినపడుతోంది:

"గోలీలన్నీ సంచిల ఏస్కో, ఒక్కటి గూడ ఇంట్ల పెట్టకు. తెల్లారగట్ల బెల్లం తింటున్నవనుకో, గది గూడ చెప్పు, సిగ్గువడకు. మేడం ఏమనది."